స్విఫ్ట్, ఐఎఫ్‌ఎస్‌సీ, ఐబాన్: విదేశీ పైసలకు ఏ కోడ్ ఎక్కడ రాయాలి?

పాస్‌బుక్ మొదటి పేజీ తెరిస్తే ఖాతా నంబరు ఉంటుంది, సీఐఎఫ్ నంబరు ఉంటుంది, ఐఎఫ్‌ఎస్‌సీ ఉంటుంది, ఎంఐసీఆర్ ఉంటుంది. డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేసి అడిగేది మాత్రం చాలా పాస్‌బుక్కుల్లో కనబడదు. "నాన్నా, మన బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఏంది?" అంటాడు. విదేశాల నుంచి పైసలు పంపేటప్పుడు అందుకునే బ్యాంకును గుర్తించే కోడ్ అది. మిర్యాలగూడలో ఉన్న తండ్రి పాస్‌బుక్ అటూ ఇటూ తిప్పి, కోడ్ అని రాసి ఉన్నది అదొక్కటే కాబట్టి ఐఎఫ్‌ఎస్‌సీ చదివేస్తాడు. అదీ 11 అక్షరాలే, ఇదీ 11 అక్షరాలే. చాలా బ్యాంకులకు మొదటి నాలుగు అక్షరాలు కూడా ఒకటే. ఫారంలో గడికి సరిగ్గా సరిపోతుంది. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

రెండింటినీ ఇట్టే విడదీసే గుర్తు ఒకటుంది: ఐదో స్థానం చూడండి. ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నా ఉంటుంది. స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు స్థానాల్లో దేశం గుర్తు ఉంటుంది; మన దేశానికైతే ఐ, ఎన్. ఐదోది సున్నా అయితే అది ఐఎఫ్‌ఎస్‌సీ. ఐదు, ఆరు కలిపి 'ఐఎన్' అయితే అది స్విఫ్ట్. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే సగం పొరపాట్లు ఫారం నింపే దగ్గరే ఆగిపోతాయి.

కోడ్‌ను విప్పి చూస్తే

స్టేట్ బ్యాంకునే తీసుకుందాం. దాని స్విఫ్ట్ కోడ్ ఎస్‌బీఐఎన్–ఐఎన్–బీబీ, మొత్తం ఎనిమిది అక్షరాలు. మొదటి నాలుగు బ్యాంకువి. తర్వాతి రెండు దేశానివి. ఆ తర్వాతి రెండు చోటును సూచించేవి. మన బ్యాంకులు చాలావాటికి అక్కడ బీబీ కనిపిస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీది హెచ్‌డీఎఫ్‌సీ–ఐఎన్–బీబీ, ఐసీఐసీఐది ఐసీఐసీ–ఐఎన్–బీబీ, యూనియన్ బ్యాంకుది యూబీఐఎన్–ఐఎన్–బీబీ, కెనరాది సీఎన్‌ఆర్‌బీ–ఐఎన్–బీబీ. వీటి చివర ఇంకో మూడు అక్షరాలు చేరితే 11 అవుతాయి. ఆ మూడూ ఒక బ్రాంచినో, ఒక విభాగాన్నో చెబుతాయి. ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏమీ లేకపోతే మూడు ఎక్స్‌లు పెడతారు. కాబట్టి ఎనిమిది అక్షరాల కోడ్, దానికే చివర మూడు ఎక్స్‌లు తగిలించిన కోడ్ ఒకే బ్యాంకుకు, ఒకే చోటుకు పోతాయి. ఫారం 11 అక్షరాలు కావాలని మొండికేస్తే మూడు ఎక్స్‌లు కలపండి. ఎనిమిది చాలంటే తీసేయండి.

బీఐసీ అన్నా, స్విఫ్ట్ కోడ్ అన్నా ఒకటే. అంతర్జాతీయ ప్రమాణాల్లో దీని నంబరు ఐఎస్ఓ 9362. యూరప్ ఫారాల్లో బీఐసీ అని, అమెరికా ఫారాల్లో స్విఫ్ట్ అని రాస్తారు, అంతే తేడా.

ఐఎఫ్‌ఎస్‌సీ మన రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఏర్పాటు. నాలుగు అక్షరాలు బ్యాంకు, ఒక సున్నా, ఆరు స్థానాలు బ్రాంచి. నెఫ్ట్, ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్ దీని మీద నడుస్తాయి. దేశం పొలిమేర బయట బ్యాంకుల నడుమ నడిచే స్విఫ్ట్ దారిలో ఇది చిరునామాగా పనికిరాదు. ఎంఐసీఆర్ తొమ్మిది అంకెలు చెక్కుల కోసం: మొదటి మూడు ఊరు, మధ్య మూడు బ్యాంకు, చివరి మూడు బ్రాంచి. విదేశీ పైసలకు దానితో పనిలేదు. సీఐఎఫ్ బ్యాంకు లోపలి లెక్క, బయటివాళ్లకు అక్కర్లేదు.

మొదటి నాలుగు అక్షరాలు అన్ని బ్యాంకులకూ ఒకేలా ఉంటాయని అనుకుంటే మాత్రం యాక్సిస్ దగ్గర బోల్తా పడతారు. ఆ బ్యాంకు 2007 వరకు యూటీఐ బ్యాంకు. ఐఎఫ్‌ఎస్‌సీ ఇప్పటికీ పాత పేరు మీద యూటీఐబీ అనే మొదలవుతుంది. స్విఫ్ట్ మాత్రం ఏఎక్స్‌ఐఎస్–ఐఎన్–బీబీ. ఐఎఫ్‌ఎస్‌సీ చూసి స్విఫ్ట్ కోడ్ అల్లుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇంకో చిక్కు 12 అక్షరాల కోడ్. బ్యాంకువాళ్లు ఇచ్చే సందేశం ప్రింటులో పైవరుసలో ఎస్‌బీఐఎన్–ఐఎన్–బీబీ తర్వాత ఒక ఏ, ఆపై మూడు ఎక్స్‌లు కనిపించవచ్చు. తొమ్మిదో స్థానంలోని ఆ ఒంటి అక్షరం ఆ బ్యాంకు టెర్మినల్‌ది. అది సందేశానికి చిరునామా. ఫారంలో రాసే కోడ్ కాదు. ఆ అక్షరం తీసేస్తే మిగిలే 11 మనకు కావలసినవి. కోడ్‌లో ఎనిమిదో స్థానంలో 1 అంకె ఉంటే సాధారణంగా ఆ సంస్థ స్విఫ్ట్ నెట్‌వర్క్‌కు నేరుగా కలవలేదని అర్థం. 0 ఉంటే అది పరీక్షల కోసం పెట్టుకున్నది. అలాంటి కోడ్ ఎక్కడన్నా వెబ్‌సైట్‌లో దొరికితే వాడకండి.

ఫోన్‌లో కోడ్ చెప్పుకోవడం ఇంకో తలనొప్పి. బీ, డీ, పీ, టీ ఒకలాగే వినిపిస్తాయి; ఎం, ఎన్ అంతకన్నా అన్యాయం. ఇంగ్లిష్ ఓ అక్షరాన్నీ సున్నానూ కంటితో కూడా పోల్చుకోలేం. అందుకే కోడ్‌ను టైప్ చేసి వాట్సాప్‌లో పంపాలి, అవతలివాళ్లు దాన్ని కాపీ చేసి గడిలో అతికించాలి. పాస్‌బుక్ ఫొటో పంపితే చూసి మళ్లీ టైప్ చేయాలి కదా, తప్పు దొర్లేది ఆ రెండో టైపింగ్‌లోనే.

ఈ కోడ్‌తో కదిలేది పైసలు కాదు, కబురు

స్విఫ్ట్ బ్యాంకు కాదు. 1973లో బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సహకార సంస్థ, బెల్జియంలో బ్రస్సెల్స్ పక్కన లా హుల్ప్‌లో ఉంది. అది చేసేది ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు భద్రంగా కబురు చేర్చడం. పైసలు బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరుచుకున్న ఖాతాల్లో సర్దుబాటు అవుతాయి.

డాలస్‌లోని బ్యాంకుకు మన స్టేట్ బ్యాంకులో ఖాతా ఉండకపోవచ్చు. అప్పుడు అది న్యూయార్క్‌లో రెండింటికీ పొంతన ఉన్న పెద్ద బ్యాంకుకు చెబుతుంది. అక్కడ మన బ్యాంకు డాలర్ ఖాతాలో జమ పడుతుంది. దాని కబురు ముంబైకి వస్తుంది. మన బ్యాంకు ఆ రోజు రేటు చొప్పున డాలర్లను రూపాయలు చేసి, కోర్ బ్యాంకింగ్‌లో ఖాతా నంబరు వెతికి నల్గొండ బ్రాంచి ఖాతాలో వేస్తుంది. ఈ నడుమ ఉన్న బ్యాంకునే ఫారాల్లో ఇంటర్మీడియరీ అనో, కరస్పాండెంట్ అనో అడుగుతారు. పంపేవాళ్ల బ్యాంకే సాధారణంగా దాన్ని తానే ఎంచుకుంటుంది. మీ బ్యాంకు ప్రత్యేకంగా రాసి ఇస్తే తప్ప ఆ గడి ఖాళీగా వదిలేయడమే మంచిది.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. డాలర్లు కదా అని ఎస్‌బీఐఎన్–యూఎస్–33 అనే కోడ్ తీసుకుని, డబ్బు అందుకునే బ్యాంకు గడిలో పెడతారు. అది స్టేట్ బ్యాంకు న్యూయార్క్ బ్రాంచిది. మొదటి నాలుగు అక్షరాలు ఒకటే, దేశం వేరు. నల్గొండ ఖాతా నంబరు న్యూయార్క్ పుస్తకాల్లో ఉండదు కాబట్టి పైసలు అక్కడే ఆగి వెనక్కి మళ్లుతాయి. మధ్య బ్యాంకు గడిలో ఆ కోడ్ సరిపోవచ్చు; అందుకునే బ్యాంకు గడిలో మాత్రం ఐఎన్ ఉండాల్సిందే.

ముంబై అని చూపిస్తోందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. పంపేవాళ్ల యాప్‌లో కోడ్ కొట్టగానే 'స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ముంబై' అని వస్తుంది. "మాది దేవరకొండ కదా, ముంబై ఎందుకొచ్చింది?" అంటారు. ఆ కోడ్ బ్యాంకు ప్రధాన ద్వారం. అక్కడి నుంచి దేవరకొండకు దారి చూపేది ఖాతా నంబరు, దానికి తోడు ఐఎఫ్‌ఎస్‌సీ. విదేశీ ఫారంలో ఐఎఫ్‌ఎస్‌సీకి వేరే గడి ఉంటే అందులో, లేకపోతే బ్యాంకు చిరునామా వరుసలోనో, అందుకునే బ్యాంకుకు సూచన అనే చోటో రాస్తే పని త్వరగా అవుతుంది.

మా బ్రాంచికి స్విఫ్ట్ లేదంటున్నారు

లేకపోవడమే మామూలు. విదేశీ మారకం వ్యవహారాలు చూసే బ్రాంచీలు కొన్నే ఉంటాయి. వాటిలోనూ కొన్నింటికే సొంత 11 అక్షరాల కోడ్ ఉంటుంది. అచ్చంపేటలో ఖాతా ఉన్నంత మాత్రాన అచ్చంపేటకు కోడ్ ఉండాలని లేదు. బ్రాంచిలో "మీ స్విఫ్ట్ కోడ్ ఏంది" అని అడిగితే "మాకు లేదు" అనే జవాబే వస్తుంది, అది నిజమే. అడగాల్సిన తీరు వేరు: "ఈ ఖాతాకు అమెరికా నుంచి డాలర్లు రావాలంటే ఏ బీఐసీ రాయమంటారు, మధ్య బ్యాంకు ఏదన్నా రాయాలా?" అప్పుడు తమ పైసలు ఏ విదేశీ మారకం కేంద్రం మీదుగా వస్తాయో దాని కోడ్ ఇస్తారు. కొన్ని బ్యాంకులు మూడు ఎక్స్‌ల కోడ్ చాలంటాయి, కొన్ని ఇన్వర్డ్ చెల్లింపులకు వేరే మూడక్షరాలు పెట్టుకున్నాయి. గూగుల్‌లో దొరికిన జాబితా కన్నా బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లో విదేశీ చెల్లింపుల సూచనల పేజీ నమ్మదగ్గది.

గ్రామీణ బ్యాంకు ఖాతాల సంగతి వేరు. నల్గొండవైపు నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరువైపు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో రెండూ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిశాయి. 2025 జనవరి 1న ఆ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. ఒక్క తరంలో ఒకే ఖాతాకు మూడు బ్యాంకుల పేర్లు. గ్రామీణ బ్యాంకులకు సాధారణంగా సొంత స్విఫ్ట్ ఉండదు. అక్కడి ఖాతాకు నేరుగా డాలర్ వైర్ (స్విఫ్ట్ మీద బ్యాంకు నుంచి బ్యాంకుకు వచ్చే బదిలీ) తెప్పించుకోవాలని కుస్తీ పట్టడం కన్నా, ఐఎఫ్‌ఎస్‌సీతో నడిచే దారి ఎంచుకోవడమో, ఊరికి దగ్గర్లోని వాణిజ్య బ్యాంకులో ఒక ఖాతా తెరవడమో మేలు.

ఆ ఐఎఫ్‌ఎస్‌సీ దారి ఏమిటంటే, గల్ఫ్‌లోని ఎక్స్‌ఛేంజీలు, అమెరికా, బ్రిటన్‌లలోని పైసలు పంపే యాప్‌లు. గల్ఫ్ మాట ఎత్తితే కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి గానీ, పాలమూరు పల్లెల నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎక్స్‌ఛేంజీలో కట్టేది దిర్హమ్‌లో, రియాల్‌లో అయినా, ఆ సంస్థకు మన బ్యాంకులతో రూపాయి ఒప్పందం ఉంటుంది. ఇక్కడి బ్యాంకు రూపాయల్లోనే నెఫ్ట్‌లాగా ఖాతాలో వేస్తుంది. కాబట్టి వాళ్లు అడిగేది ఐఎఫ్‌ఎస్‌సీ, ఖాతా నంబరు. వాళ్లకు స్విఫ్ట్ కోడ్ ఇస్తే గడిలో పట్టదు. ఖాతాలో కాకుండా చేతికి నగదుగా ఇచ్చే పథకం ఇంకొకటి. దానిలో ఒక విడతకు 2,500 డాలర్లు దాటకూడదు, ఒక మనిషికి ఏడాదికి 30 సార్లకు మించకూడదు, 50,000 రూపాయల వరకే నగదు ఇస్తారు. ఈ చిన్న మొత్తాలకు స్విఫ్ట్ వైర్ దండగ. మధ్య బ్యాంకు కోసుకునేది 10,000 రూపాయలు పంపినా, 10 లక్షలు పంపినా దాదాపు ఒకటే.

చనిపోయిన కోడ్‌లు

మన ప్రాంతంలో ఇది పెద్ద గొడవే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఊళ్లో బోర్డు మారినా అమెరికాలో కొడుకు ఫోన్‌లో దాచుకున్న వివరాలు మారవు. ఆరేళ్ల కింద పెట్టుకున్న ఏఎన్‌డీబీ కోడ్ అక్కడ అలాగే ఉంటుంది.

ఐఎఫ్‌ఎస్‌సీ మారినప్పుడు బ్యాంకులు కొన్నాళ్లు పాతదాన్ని కొత్తదానికి మళ్లించాయి. స్విఫ్ట్‌కు ఆ వెసులుబాటు అంత లేదు. సిండికేట్ కోడ్‌ను 2021 జులై 1 నుంచి ఆపేసి కెనరా కోడే వాడమన్నారు. పాత ఆంధ్రా బ్యాంకు బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ ఇప్పుడు యూబీఐఎన్‌తో మొదలై, సున్నా తర్వాత 8 అంకెతో సాగుతుంది. పాత సిండికేట్ బ్రాంచి నంబరుకు కెనరా 10,000 కలిపింది, అంటే 3002 ఉన్నది 13002 అయ్యింది. ఖాతా నంబరు మారకపోయినా కోడ్‌లు మారాయి. పాస్‌బుక్ పాతదైతే ముందు కొత్తది వేయించుకోండి, ఆ తర్వాత కోడ్ పంపండి.

జిల్లాల విభజన తెచ్చిన చిక్కు ఇంకొకటి. 2016 అక్టోబరులో సూర్యాపేట, యాదాద్రి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వేరు జిల్లాలయ్యాయి. నారాయణపేట 2019లో వచ్చింది. బ్రాంచి వెతికే చాలా జాబితాల్లో మాత్రం సూర్యాపేట ఇంకా నల్గొండ కింద, వనపర్తి మహబూబ్‌నగర్ కింద కనిపిస్తాయి. కొన్నింటిలో రాష్ట్రం కూడా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. జిల్లా పేరు సరిపోలలేదని కోడ్ తప్పనుకోకండి. బ్రాంచి పేరు, చిరునామా చూసి పోల్చుకోండి.

మనం పంపేటప్పుడు: ఐబాన్, రూటింగ్ నంబరు

పిల్లల చదువుకు ఫీజు కట్టేటప్పుడు తలకిందులుగా ఉంటుంది. ఒక్కో దేశం ఒక్కోటి అడుగుతుంది. యూరప్‌కు, గల్ఫ్‌కు ఐబాన్ కావాలి. అది ఖాతా నంబరునే దేశంతో, బ్యాంకుతో కలిపి కట్టిన మూట. జర్మనీకి 22 స్థానాలు, యూఏఈకి 23, సౌదీకి 24, ఖతార్‌కు 29, కువైట్‌కు 30. భారత్‌లో ఐబాన్ లేదు. విదేశీ ఫారం మీ ఐబాన్ అడిగితే అక్కడ ఖాతా నంబరు ఒక్కటే రాయాలి. ముందు ఐఎన్ తగిలించి కొత్త నంబరు తయారుచేయకండి. అమెరికాలో ఐబాన్ లేదు, తొమ్మిదంకెల రూటింగ్ నంబరు ఉంటుంది. బ్రిటన్‌లో ఆరంకెల సార్ట్ కోడ్, ఆస్ట్రేలియాలో ఆరంకెల బీఎస్‌బీ. వీటన్నిటితో పాటు స్విఫ్ట్ కోడ్ కూడా ఇవ్వాలి. అమెరికా బ్యాంకులు కొన్ని వైర్‌కు ఒక రూటింగ్ నంబరు, మామూలు బదిలీలకు ఇంకొకటి పెట్టుకుంటాయి. చెక్కు మీద ఉన్నది చూసి రాసేయకుండా వైర్‌ది ఏదో అడిగి తీసుకోవాలి.

ఐబాన్‌లో ఉన్న ఒక గుణం స్విఫ్ట్‌కు లేదు, ఐఎఫ్‌ఎస్‌సీకీ లేదు: అది తన తప్పు తానే పట్టుకుంటుంది. ఏఈ07 0331 2345 6789 0123 456 అనే మచ్చు నంబరు చూడండి. దేశం అక్షరాల తర్వాత ఉన్న 07 తనిఖీ అంకెలు. మొదటి నాలుగు స్థానాలను చివరికి జరపాలి. అక్షరాలను అంకెలు చేయాలి: ఏ అంటే 10, బీ అంటే 11, అలా ఈ అంటే 14. అప్పుడు 0331234567890123456 తర్వాత 101407 వస్తుంది. ఈ పొడుగాటి సంఖ్యను 97తో భాగిస్తే శేషం సరిగ్గా 1 రావాలి. వస్తుంది. ఇప్పుడు చివరి 456ను పొరపాటున 465 అని కొట్టారనుకోండి, శేషం 50 వస్తుంది. ఫారం అక్కడికక్కడే ఎర్రగీత పెడుతుంది. అమెరికా రూటింగ్ నంబరుకూ ఇలాంటి తనిఖీ ఉంది: అంకెలను వరసగా 3, 7, 1 తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి.

స్విఫ్ట్ కోడ్‌లో ఇలాంటి కాపలా లేదు. ఒక అక్షరం తప్పు పడి, ఆ తప్పుడు కోడ్ లోకంలో ఇంకే బ్యాంకుకూ లేకపోతే ఫారం ఒప్పుకోదు, బతికిపోతారు. ఆ తప్పుడు కోడ్ నిజంగానే ఇంకో బ్యాంకుది అయితే కంప్యూటర్‌కు అందులో తప్పేమీ కనబడదు. అందుకే కోడ్ కొట్టాక తెర మీద వచ్చే బ్యాంకు పేరు, దేశం చదవకుండా ముందుకు పోకూడదు.

ఇక కాగితాలు. పంపడానికి పాన్ ఉండాలి, ఏ2 ఫారం నింపాలి, దేనికి పంపుతున్నామో రిజర్వ్ బ్యాంకు పర్పస్ కోడ్ రాయాలి. విదేశంలో చదువు ఫీజు, హాస్టల్ ఖర్చులకు ఎస్0305. మనిషికి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లు హద్దు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది. బ్యాంకు చదువు రుణం నుంచి పోయే ఫీజుకు అది లేదు.

ఖర్చు ఎవరిదో చెప్పే గడి చిన్నదే గానీ దెబ్బ పెద్దది. అవర్ అంటే ఖర్చులన్నీ పంపేవాళ్లవి. షా అంటే ఎవరి వైపువి వారివి, మధ్య బ్యాంకు కోత అందుకునేవాళ్ల మీద పడుతుంది. బెన్ అంటే అంతా అందుకునేవాళ్ల మీదే. 20,000 డాలర్ల ఫీజు షా కింద పంపితే మధ్య బ్యాంకు 20 డాలర్లు కోసుకుంటే 19,980 చేరుతుంది. యూనివర్సిటీ లెక్కలో 20 డాలర్లు బాకీ. ఆ 20 డాలర్ల కోసం రిజిస్ట్రేషన్ ఆగుతుంది, మళ్లీ అంతే ఖర్చు పెట్టి ఇంకో వైర్ పంపాలి. ఫీజులకు అవర్ పెట్టండి. ఇంటికి వచ్చే పైసలకు షా చాలు.

వచ్చేటప్పుడు కూడా పర్పస్ కోడ్ ఉంటుంది. విదేశంలో ఉన్నవాళ్లు ఇంటి ఖర్చుకు పంపేదానికి పీ1301. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా ఊరుకుంటే పైసలు బ్యాంకులోనే పడి ఉంటాయి, ఖాతాలోకి రావు. డాలర్లను రూపాయలు చేసినందుకు జీఎస్టీ ఉంటుంది: లక్ష వరకు మార్చిన మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా తీసుకుని దాని మీద 18 శాతం. లక్ష రూపాయలకు 180 రూపాయలు. ఎంత తక్కువ మార్చినా 45 రూపాయలకు తగ్గదు.

తప్పితే ఏమవుతుంది

బ్యాంకు సరైనదే, చివరి మూడక్షరాలు తప్పు: చాలాసార్లు ఏమీ కాదు, ఖాతా నంబరు చూసి వేసేస్తారు, మహా అయితే రెండు రోజులు ఆలస్యం. బ్యాంకే తప్పు: అక్కడ ఆ ఖాతా దొరకదు, పైసలు తిరుగుముఖం పడతాయి. పోయేటప్పుడు ఒక కోత, వచ్చేటప్పుడు ఇంకో కోత, రూపాయిని డాలరు చేసి మళ్లీ రూపాయి చేసినందుకు రేటు తేడా. 10 లక్షలు పంపినవాళ్లకు ఆ రేటు తేడాయే ఛార్జీల కన్నా ఎక్కువ బాధిస్తుంది. ఖాతా నంబరు తప్పై అది ఇంకొకరిదైతే, కాపాడేది పేరొక్కటే.

మన పేర్లతోనే తంటా. పాస్‌బుక్‌లో 'కె. యాదగిరి' అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి ఉంటుంది. పంపే కొడుకు అమెరికా అలవాటు ప్రకారం పేరు ముందు, ఇంటిపేరు వెనక రాస్తాడు. మూడూ ఒకే మనిషని ఇంట్లోవాళ్లకు తెలుసు. ముంబైలో కూర్చున్న ఉద్యోగికి తెలియదు. అనుమానం వస్తే పక్కన పెట్టి, పంపిన బ్యాంకును వివరణ అడుగుతారు. ఆ ప్రశ్న పోయి జవాబు వచ్చేసరికి వారం గడుస్తుంది. ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఎలా ఉన్నా సరే, పంపేవాళ్లు రాయాల్సింది పాస్‌బుక్‌లో ఉన్న పేరు, ఉన్న వరసలో, ఉన్న స్పెల్లింగ్‌తో.

పేరులో ఒక్క అక్షరానికి ఎంత విలువో 2016 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు స్విఫ్ట్ వ్యవస్థలోకి చొరబడి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని దాని ఖాతా నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లకు ఆదేశాలు పంపారు. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరిపోయాయి. శ్రీలంకకు పోతున్న 2 కోట్ల డాలర్లు మాత్రం ఆగాయి. ఆ సంస్థ పేరులో 'ఫౌండేషన్' అని ఉండాల్సిన చోట 'ఫాండేషన్' అని పడడంతో మధ్య బ్యాంకుకు అనుమానం వచ్చింది. సందేశం నిజమైన దారిలోనే వచ్చింది. పట్టించింది స్పెల్లింగ్.

పైసలు రాకపోతే పంపినవాళ్లను అడగాల్సింది యూఈటీఆర్ అనే గుర్తింపు సంఖ్య. మధ్యలో నాలుగు గీతలతో కలిపి 36 స్థానాలు ఉంటుంది. 2018 నవంబరు నుంచి స్విఫ్ట్ చెల్లింపుల్లో ఇది తప్పనిసరి. దీనితో పైసలు ఏ బ్యాంకు దగ్గర ఎప్పటి నుంచి ఆగాయో, ఎవరు ఎంత కోసుకున్నారో తెలుస్తుంది. ఇదివరకు ఎంటీ103 అనే చెల్లింపు సందేశం కాపీ అడగమనేవాళ్లు. 2025 నవంబరులో ఆ పాత నమూనా స్థానంలో ప్యాక్స్.008 అనే కొత్తది పూర్తిగా వచ్చింది. చాలామంది ఉద్యోగుల నోట ఇంకా ఎంటీ103 అనే మాటే ఉంది, ఏదంటే అది ఇవ్వమనండి. యూఈటీఆర్ లేకుండా బ్రాంచికి పోయి "మా పైసలు రాలేదు" అంటే వాళ్లు వెతికే దారి దాదాపు లేనట్టే. వెనక్కి పిలిపించుకోవడం పంపిన బ్యాంకు పని. ఒకసారి అవతలి ఖాతాలో జమ పడ్డాక, ఆ ఖాతాదారు ఒప్పుకుంటేనే తిరిగి వస్తుంది.

ఈ కోడ్‌లు ఎవరికి చెప్పినా ముప్పు లేదు. స్విఫ్ట్, ఐఎఫ్‌ఎస్‌సీ అందరికీ కనిపించేవే. పైసలు 'అందుకోవడానికి' ఓటీపీ, పిన్, కార్డు వెనక మూడంకెలు అడిగారంటే అది మోసం. ఇంకో మోసం మెయిల్‌లో వస్తుంది: యూనివర్సిటీ పేరుతో "మా బ్యాంకు వివరాలు మారాయి" అని కొత్త ఐబాన్ పంపుతారు. అది తనిఖీ లెక్కలో కూడా నెగ్గుతుంది, ఎందుకంటే అది నిజమైన ఖాతానే, దొంగది. యూనివర్సిటీ పోర్టల్‌లో ఉన్నదానితో పోల్చకుండా కట్టకండి.

విదేశాలకు పంపే చిరునామాలో మన ఇంటి నంబరు ముందు పెట్టే హ్యాష్ గుర్తు, పేర్ల నడుమ పెట్టే అండ్ గుర్తు పాత స్విఫ్ట్ అక్షరాల్లో లేవు, కొన్ని ఫారాలు ఇప్పటికీ తిప్పికొడతాయి. 4-5/2 లాంటి నంబర్లలో అడ్డగీత, వాలుగీత పనికొస్తాయి. 2026 నవంబరు నుంచి చిరునామా అంతా ఒకే ముద్దగా రాస్తే చెల్లదు. కనీసం ఊరు, దేశం వేరువేరు గడుల్లో ఉండాలి. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో రైల్వే స్టేషన్ నుంచి కలెక్టరేట్ దాకా బోర్డులు చదివితే తెలుస్తుంది. వాటిలో ఏది రాసినా పైసలు ఆగవు, ఊరి గడిలో ఊరు ఒక్కటే ఉంటే చాలు. మండలం, పోస్టు, వయా, పిన్ అన్నీ ఆ గడిలోనే కుక్కకండి.